గుమ్మం దాకా

కృత్తివెన్నులో రొయ్యల చెరువులకు కాపలా ఉండే సత్యవేదానికి షుగరుంది. రోజూ మూడు కిలోమీటర్లు నడవమని డాక్టరు ఆరేళ్లు చెప్పినా, “రేపటి నుంచి మొదలెడతానండీ” అంటూనే గడిపేశాడు. చివరికి పాదానికి పడ్డ పుండు మానక, పోయిన వేసవిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇప్పుడు పెట్టుడు కాలుతో పెరటి చివరి బాత్రూముకి తనంతట తాను వెళ్లగలిగితే చాలునని ఆయన ఆశ. కూతురు సుమలత ఆ దూరాన్ని ముక్కలు చేసింది. మొన్న బీరువా దాకా నడిపించింది, నిన్న కుర్చీ దాకా. ఇవాళ గుమ్మం పట్టుకునేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది.

“డాక్టరుగారి మూడు కిలోమీటర్లూ అయినట్టేనా?”

“జోకులు చాలు నాన్నా. మిగతాది రేపు.”

సత్యవేదం నవ్వు ఆగిపోయింది. ఆరేళ్లూ తానన్న మాటే అది.

“ఇంకొక్క అడుగు వేస్తానమ్మా, పట్టుకో,” అన్నాడు.