ఆగుమా, ఆగమా?

కుర్చీ ఇటు జరుపుకోండి, కూలరు గాలి ఇక్కడికే వస్తుంది. మా ఇంటి పెళ్లిని ఒక్క మాట ఎలా కుదిపేసిందో చెబుతాను.

గోదావరిఖనిలో ‘ఆగం’ మా నోట్లో రోజంతా నలిగే మాట. నిమ్మళంగా ఉన్నదాన్ని చెదరగొడితే ఆగం చేసినట్టు. పిల్లలు అల్మారా కిందమీద చేస్తే ఇల్లు ఆగం. మనిషి కంగారుపడితే ఆగమైనట్టు, బతుకు చెడితే ఆగమైపోయినట్టు. షేర్ ఆటో వెళ్లిపోతోందని చెప్పు జారినా చూడకుండా ఉరికితే ఆగమాగం.

బొగ్గుబాయిలో పనిచేసే మా అబ్బాయి వెనక వరుస క్వార్టర్లోని అమ్మాయిని మెచ్చాడు. వాళ్లది కోస్తా. మాట ఖాయం చేసుకోవడానికి పళ్లూ కొబ్బరికాయా పట్టుకుని వెళ్లాం. తండ్రి ఇంకా డ్యూటీ దిగలేదు, తల్లి వంటింట్లో బజ్జీలు వేస్తోంది. కాకినాడ వైపు నుంచి ముందురోజే వచ్చిన అమ్మాయి పెదనాన్న మా ఎదుట కూర్చున్నారు.

“పిల్లకి నర్సింగు పరీక్షలున్నాయండి. దసరా దాకా ఆగుతారా మామ్మగారూ?” అని మా అత్తను అడిగారు.

“ఆగం గాకు కొడుకా, మీకెప్పుడు సౌలతుంటే గప్పుడే చేద్దాం” అంది అత్త. సరిగ్గా అప్పుడే షిఫ్టు సైరన్ మోగింది. ఆయన చెవిన పడింది మొదటి మాటొక్కటే.

“ఆగరా? ఎందుకాగరండీ?”

“గిట్ల ఆగమైతున్నవేంది కొడుకా?”

“మిమ్మల్ని కాస్త ఆగమంటుంటే నన్నంటారేంటండీ!”

అత్త కర్ర అందుకుంది. “విన్నవా కోడలా? మనల్ని ఆగమంటున్నడు! లే, పోదాం.”

నాకూ ఒళ్లు మండి పళ్ల సంచి భుజాన వేసుకున్నాను. మా అబ్బాయి చేతిలో బజ్జీ నోటిదాకా పోలేదు.

లోపలి గదిలోంచి అమ్మాయే వచ్చింది. పుట్టి పెరిగింది ఇక్కడే కదా!

“పెదనాన్నా, ఆగం కాకు అంటే కంగారు పడొద్దని. అవ్వా, ఆయన మిమ్ముల ఆగమైండ్రని అంటలేడు, జర ఆగుండ్రి అంటున్నడు.”

“గట్లనా? తెలుగుల చెప్పొచ్చు గదా!” అంది అత్త.

“నేను చెప్పింది తెలుగేనండీ!” అన్నారు పెద్దాయన.

వంటింట్లోంచి తల్లి నవ్వు వినబడింది. అత్త అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “గీ పిల్ల మా ఇంటికే రావాలె. దసరా ఏంది, ఇంకో రెండేండ్లన్న ఆగుతం.”

“అవ్వా, గన్ని రోజులెందుకే! దసరా చాలు” అని మా అబ్బాయి బజ్జీ కింద పడేశాడు.

దసరా వెళ్లగానే పెళ్లి చేశాం. మీ ఇంట కూడా ఒకరి మాట ఒకరికి తీపిగా వినబడాలి, వచ్చిన చుట్టం కడుపు నిండా తిని నవ్వుకుంటూ లేవాలి, పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.