పక్క సీటు బ్రేకు

మా పిన్ని ఇరవై రెండేళ్లుగా కారులో పక్క సీటులోనే కూర్చుంటోంది. ఆవిడది డ్రైవింగ్ స్కూలు. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం ఆవిడే నేర్పింది. అందుకని వీధిలో ఎవరైనా అడ్డదిడ్డంగా బండి నడిపితే జనం నడిపేవాళ్లను కాదు, మా పిన్నిని చూస్తారు. అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. నేనూ ఆవిడ శిష్యురాలినే. పరీక్ష రెండుసార్లు తప్పాను. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పదు. చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో మాత్రం అందరికీ తెలిసేలా నవ్వుతుంది.

స్కూలు కారు చిన్నది, తెల్లది. నెత్తిన పసుపు బోర్డు ఉంటుంది. పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారులో బ్రేకు మర్చిపోతే పిన్ని తొక్కడానికి. ఒక ఇనుప కడ్డీ ఆ పెడల్‌ను అసలు పెడల్‌తో కలుపుతుంది, ఆ కడ్డీ ఊడిపోకుండా వేలెడంత పిన్ను ఒకటి పట్టుకుని ఉంటుంది. ఈ కథలో ఆ పిన్నుకి పని ఉంది.

ఇక మా బాబాయి. ఆయన మెకానిక్. అయితే బ్రేకులు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. వాళ్లింటి కింద షెడ్డు, మధ్యలో వాళ్లు, పైన అద్దెకు నేను. ఇంజిను పని పట్టుకుని ఎవరైనా వస్తే, "నడిపించేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి" అని పంపేస్తాడు. అంత పనివాడికి ఒకటే జబ్బు. ఇంకొకరు నడిపే బండిలో కూర్చోలేడు. కూర్చుంటే కుడికాలు నిలవదు. బస్సులోనూ తొక్కుతాడు, టాక్సీలోనూ తొక్కుతాడు. ఒకసారి లిఫ్టులో కూడా తొక్కడం నేను కళ్లారా చూశాను.

స్కూలు కారు కొన్న కొత్తలో పిన్ని ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మార్కెట్టుకి వెళ్లిందట. ఆ సీటు దగ్గర నిజం బ్రేకే ఉందాయె. తిరిగొచ్చేటప్పుడు ఆయన పదకొండుసార్లు కారు ఆపించాడు. డజను గుడ్లు కొన్నారు, ఇంటికి ఒక్కటీ గుడ్డుగా రాలేదు. అప్పటినుంచి ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా ఆవిడ కారులో, ఆయన వెనకాల స్కూటరు మీద. పెళ్లిళ్లకీ అంతే, ఆస్పత్రికీ అంతే. ఎవరో దొంగను తరుముతున్నట్టు ఉంటుంది చూడటానికి.

అసలు గొడవ పళ్ల డాక్టరు దగ్గర మొదలైంది. ఆ డాక్టరు ఒకప్పుడు పిన్ని దగ్గరే నేర్చుకున్నాడు. పన్ను బాగుచేస్తూ, ఊరి బయట కార్ల ట్రాక్ ఒకటి ఉందనీ, నెలకో ఆదివారం ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని నడుపుకోవచ్చనీ, తను వెళ్తున్నాననీ, టీచరమ్మ కూడా రావాలనీ చెప్పాడు. ఆయన రెండు చేతులూ పిన్ని నోట్లో ఉన్నాయి. ఆవిడ కాదనలేకపోయింది. ఇంటికి వచ్చేసరికి కాదనాలన్న ఆలోచనే పోయింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పేసింది.

"నలభై దాటకుండా నడపమని చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయిందండీ. ఎప్పుడూ పక్కన కూర్చోవడమే. ఒక్కరోజు నేను గట్టిగా నడపాలి. పక్కన మీరు కూర్చోవాలి. నిమ్మళంగా. తొక్కకుండా."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. నేను గోడ వైపు చూశాను. వెళ్లడం కష్టమేమీ కాదు, కొత్తవాళ్ల పక్కన ఒక మనిషి కూర్చోవచ్చని ట్రాక్ వాళ్లే అంటున్నారు. పిన్ని అడుగుతున్నది ఆ ఆఖరి మాట ఒక్కటే.

"మరి బ్రేకుల సంగతి?" అన్నాడాయన.

"అది మీ పని."

నేను ఊరుకోవచ్చు కదా. ఫోన్లో చదివిన పాండిత్యమంతా ఒలకబోశాను. "చక్రాన్ని పట్టి ఆపే ప్యాడ్లున్నాయి కదా, రేసు కార్లవి వేసెయ్యి బాబాయ్, అయిపోతుంది."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అవి పెనం లాంటివమ్మా. కాలితేనే పనిచేస్తాయి. ఆదివారం మీ పిన్నికి బాగానే ఉంటాయి. సోమవారం పొద్దున ఏడింటికి హెడ్మాస్టరుగారు చల్లటి బ్రేకు తొక్కితే, అవి పట్టాలా వద్దా అని ఆలోచించుకునేలోపు కారు ఎదురింటి గోడలో ఉంటుంది."

"అయితే ఉన్నవే ఉంచు."

"ఉన్నవాటితో వెళితే నాలుగు చుట్లకి మాడిపోతాయి. బ్రేకు ఆయిలు మరిగి పెడల్ దిండు తొక్కినట్టు కిందికి పోతుంది. ఆదివారం ఈవిడ, సోమవారం ఆయన. ఇద్దరికీ కుదరాలి."

హెడ్మాస్టరుగారు రిటైరయ్యాక కారు నేర్చుకుంటున్నారు. ఏడు నెలలైంది. బ్రేకును కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతారు. ట్రాక్ ఆదివారానికి ఇంకా నెల ఉంది, మొదటి మూడు వారాలూ బాబాయి రకరకాల ప్యాడ్లు తెచ్చి బిగించి, ఆయన మీదే పరీక్షించాడు. ఆయనకు తెలియదు పాపం. మొదటివి ఎంత కీచుమన్నాయంటే, ఆగిన ప్రతిసారీ ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి దారినపోయేవాళ్లకు క్షమాపణ చెప్పారు. రెండోవి పట్టిన పట్టుకి ఆయన కళ్లజోడు ఎగిరి అద్దం దగ్గర పడింది. మూడోవి వేసిన రోజు ఆయన మెత్తగా వెళ్లి, మెత్తగా ఆగి, "ఇవాళ నాకు పట్టుబడిందమ్మా" అని మురిసిపోయారు. పట్టుబడింది బాబాయికి.

ఆ తర్వాత బాబాయి ఆగలేదు. ఎక్కువ వేడికి గానీ మరగని ఆయిలు పోశాడు. ఆ ఆయిలు వెళ్లే పాత రబ్బరు గొట్టాలు తీసేసి, తొక్కినప్పుడు ఉబ్బకుండా స్టీలు అల్లికున్నవి బిగించాడు. ముందు బంపర్లో ఫాగ్ లైట్లు ఉండాల్సిన ఖాళీల్లోంచి, వేడిని తట్టుకునే నల్ల గొట్టాలు చక్రాల దాకా లాగాడు. పరిగెత్తేటప్పుడు గాలి వచ్చి, ప్యాడ్లు పట్టుకునే బ్రేకు డిస్కుకి తగులుతుందట. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పిన్నికి చీర ఎంచిన పాపాన పోలేదు, ఆ గొట్టాలు మాత్రం మూడు షాపులు తిరిగి ఎంచాడు.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలంటే అరవైలో వెళుతూ పదికి తగ్గించాలి, పూర్తిగా ఆగకూడదు, మళ్లీ అరవై. అలా పదిసార్లు. ఒక ఉదయం ఖాళీ రోడ్డు మీద పిన్ని ఆ పని చేసింది. వెనక సీట్లో నేను లెక్కపెట్టాను, వెనకాల స్కూటరు మీద బాబాయి మామూలే. ఆరోసారికి పాల వ్యాను ఒకటి మా పక్కకొచ్చింది. దాని డ్రైవరు పసుపు బోర్డు చూశాడు, పిన్ని నెరిసిన జుట్టు చూశాడు.

"కంగారు పడకండమ్మా," అన్నాడు ఎంతో దయగా. "ఈ వయసులో మొదట్లో అలాగే ఉంటుంది. మెల్లిగా వస్తుంది."

"అలాగే బాబూ," అంది పిన్ని వినయంగా. అతను వెళ్లాక ఏడోసారి తొక్కిన తొక్కుకి నేను ముందు సీటుకి గుద్దుకున్నాను.

బండి సిద్ధమైంది. బాబాయి కాలే సిద్ధం కాలేదు.

తొక్కకుండా కూర్చోవాలని పిన్ని తమాషాకి అనలేదు. "మలుపులో నేను ఒక లెక్కన తొక్కుతుంటాను. అప్పుడు మీరూ తొక్కారంటే బండి గిర్రున తిరుగుతుంది. మీ సంగతి మీరే చెప్పండి."

"తొక్కను," అన్నాడు బాబాయి.

సరే, చూద్దామని పిన్ని పక్క సీటు పెడల్ మీద బిస్కెట్ల పొట్లం ఒకటి కట్టి, ఆయన్ని ఎక్కించుకుని వీధి చుట్టూ తిప్పుకొచ్చింది. పొడి. మర్నాడూ పొడే. వారం రోజులు మేము టీలోకి బిస్కెట్ పొడి చెంచాతో తిన్నాం. శనివారం సాయంత్రం ఆఖరి పొట్లం బాబాయే విప్పి చూశాడు. మొహం చిన్నబుచ్చుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. నాకు నిజంగా బాధేసింది. ఆయన అబద్ధం ఆడటం లేదు, ఆయన కాలు ఆయన మాట వినడం లేదు.

కాసేపటికి పిన్ని నన్ను కారు దగ్గరికి పిలిచింది. డాష్‌బోర్డు కింద తలపెట్టి, ఆ వేలెడంత పిన్ను లాగేసింది. కడ్డీ వేలాడింది. పక్క సీటు పెడల్ ఉత్త అలంకారమైపోయింది.

"ఇప్పుడు ఎంతైనా తొక్కుకోనీ," అని పిన్నును కళ్లజోడు డబ్బాలో దాచింది. "ఆయనకి చెప్పావో, నీ పరీక్షల సంగతి అందరికీ చెప్తాను."

ఆదివారం ఉదయం బాబాయి నాలుగు చక్రాలూ విప్పి అన్నీ చూసి మళ్లీ బిగించాడు. తర్వాత టార్చి పట్టుకుని కారులోకి దూరాడు. పై నుంచి చూస్తున్న నేను మెట్ల దాకా వచ్చేశాను. కాసేపటికి బయటకొచ్చి, చేతులు తుడుచుకుని, "టీ పెట్టావా?" అని పిన్నిని అడిగాడు. చూడలేదన్నమాట, అనుకున్నాను. హ్యాండ్ బ్రేకు లివరుకి మాత్రం తన పాత సాక్సు ఒకటి తొడిగి వచ్చాడు. వేడెక్కిన బ్రేకును అలాగే బిగించి నిలబెడితే అతుక్కుపోతుంది. పిన్నికేమో బండి ఆగగానే హ్యాండ్ బ్రేకు లాగడం ఇరవై రెండేళ్ల అలవాటు. చెయ్యి వేయగానే సాక్సు తగిలి గుర్తు రావాలని ఆయన ఉపాయం.

స్కూటరు ఇంట్లోనే వదిలేసి, బాబాయి కారెక్కాడు.

ట్రాక్ దగ్గర చిన్నా పెద్దా కార్లు చాలా వచ్చాయి. నెత్తిన పసుపు బోర్డు ఉన్నది మాదొక్కటే. విప్పమంటే పిన్ని ఒప్పుకోలేదు గానీ ట్రాక్ వాళ్లు ఊరుకోలేదు, విప్పించారు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారు. బాబాయి హెల్మెట్ లోపలినుంచి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఇంజెక్షనుకి వచ్చిన పిల్లాడి చూపు అది.

నేను కంచె దగ్గర నిలబడ్డాను. మొదటి రెండు చుట్లూ అందరూ పిన్నిని దాటిపోయారు. మూడో చుట్టులో ఆవిడ ఎవరినీ దారి ఇవ్వమని అడగని మనిషి అయిపోయింది. తిన్నటి దారిలో ఆ చిన్న కారు చేతనైనంత అరుస్తూ వచ్చి, మలుపు ముందు ఒక్కసారి వంగి, తగ్గి, తిరిగి, వెళ్లిపోయేది. ప్రతి చుట్టులోనూ అదే చోట, అదే మోతాదులో. అయిదో చుట్టులో పళ్ల డాక్టరు పెద్ద కారు ముందుంది. ఆయన బ్రేకులు అప్పటికే మెత్తబడ్డాయి కాబోలు, మలుపుకి చాలా ముందే భయం భయంగా తగ్గించాడు. పిన్ని తగ్గించలేదు. పక్కనుంచి దాటి, అప్పుడు తొక్కింది. నేను కంచె పట్టుకుని ఎగిరాను.

బ్రేకులు చల్లబడటానికి ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి వచ్చి ఆగారు. పిన్ని చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదికి వెళ్లింది, సాక్సు తగిలి వెనక్కి వచ్చింది. బాబాయి దిగి, ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాడు. ఆ తర్వాత డాక్టరు కారు చక్రాల వైపు చూశాడు. వాటిలోంచి పొగ వస్తోంది. బాబాయి తన సంతోషం దాచుకోవాల్సింది, దాచుకోలేదు.

"ఎలా ఉంది బాబాయ్?" అన్నాను.

"ఒక్కసారి కూడా తొక్కలేదు," అన్నాడు ఛాతీ విరుచుకుని.

పిన్ని నా వైపు చూసింది. దారంతా ఆ పక్కనుంచి టపటపమని చప్పుడు వస్తూనే ఉందని తర్వాత నాకు చెవిలో చెప్పింది. పాపం, తన కాలు వట్టి గాలి తొక్కుతోందని ఆయనకు తెలియలేదని ఇద్దరం చాటుగా నవ్వుకున్నాం.

సోమవారం ఆరున్నరకి, హెడ్మాస్టరుగారు రాకముందే పిన్ను పెట్టేద్దామని పిన్ని కళ్లజోడు డబ్బాతో కిందికి దిగింది. నేను టార్చి పట్టుకున్నాను. ఆవిడ డాష్‌బోర్డు కింద తలపెట్టి అలాగే ఉండిపోయింది.

అక్కడ పిన్ను ఉంది. కొత్తది, మెరుస్తోంది.

బాబాయి షెడ్డులో ఏదో గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఇదెప్పుడు పెట్టారండీ?" అంది పిన్ని.

"నిన్న రాగానే. హెడ్మాస్టరుగారు వస్తారు కదా."

"అయితే మీకు తెలుసా, తీసేశానని?"

"నిన్న పొద్దునే చూశాను. కడ్డీ వేలాడుతోంది."

"తెలిసే ఎక్కారా?"

ఆయన తుడిచిందే తుడిచాడు. "బ్రేకులు బిగించింది నేను. తొక్కేది నువ్వు. ఇంక ఆ సీటుకి బ్రేకెందుకు?"

పిన్ని పాత పిన్ను చేతిలో పట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోను.

"మరి దారంతా టపటపా తొక్కారెందుకు?" అంది.

"అదా," అన్నాడు బాబాయి. "కాలికి చెప్పలేదు."

అప్పుడే హెడ్మాస్టరుగారు వచ్చారు. కారెక్కి, మెత్తగా వెళ్లి, మెత్తగా ఆగారు.

ఆ సాయంత్రం పిన్నీ బాబాయీ కలిసి కారులో మార్కెట్టుకి వెళ్లారు. స్కూటరు షెడ్డులోనే ఉంది. కొత్త పిన్ను మాత్రం కడ్డీలోనే ఉంది. డజను గుడ్లు తెచ్చారు. నేనే లెక్కపెట్టాను, తొమ్మిది బాగానే ఉన్నాయి.