గోడకు ఆనించిన ఘోట్నీ

సోమశేఖర్ పాత సామానుతో పనిముట్లు చేస్తాడు. ఆ పనిముట్లతో ఏం చేస్తాడయ్యా అంటే, ఇంకో పనిముట్టు చేస్తాడు. ఈ మాట గల్లీలో ఎవరూ అనలేదు. మలక్‌పేటలో తాను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో, గిరాకీ లేని మధ్యాహ్నం పూట, తనకు తానే అనుకున్నాడు. అనుకుని, సాయంత్రం ఇంటికి పోతూ దారిలో దొరికిన సైకిల్ చక్రం ఒకటి చంకన పెట్టుకుపోయాడు.

ఇంటి వెనక ఆయన తండ్రి బర్రెలు కట్టేసిన కొట్టం ఉంది. బర్రెలు పోయాయి, పాల వ్యాపారమూ పోయింది, కొట్టం మాత్రం మిగిలి వర్క్‌షాపు అయింది. చెడిపోయిన మిక్సీ మోటారుకు సానరాయి బిగించి కత్తులు నూరే మిషిను చేశాడు. అది వేస్తే పక్కింట్లో కూడా లైట్లు కొట్టుకుంటాయి. సైకిల్ చైనుతో పైపులు తిప్పే పట్టీ చేశాడు, కానీ తిప్పడానికి పైపు లేదు. అమ్మ పాలు కొలిచిన లోటాల్లో మేకులు సైజుల వారీగా సర్ది పెట్టాడు. ఇంత ఉండి, గోడకు ఒక మేకు కావాల్సి వస్తే భార్య ఇంద్రజ గల్లీ చివరి వడ్రంగిని పిలుస్తుంది.

"నన్ను అడగొచ్చు కదనే," అన్నాడొకసారి, మనసు నొచ్చుకుని.

"నిన్నడిగితే మేకు కొట్టవు. మేకు కొట్టే మిషిను చేస్తనంటవు."

అప్పటికే సగం చేశాడు కాబట్టి ఊరుకున్నాడు.

సామాను పోగేయడంలో ఆయనకొక నియమం ఉంది. ఇంటి బయట గోడకు ఆనించి ఉందంటే దాన్ని పారేసినట్టే లెక్క. ఈ నియమం పెట్టింది ఎవరంటే, ఇంకెవరు, ఆయనే.

రంజాన్ దగ్గర పడుతోంది. పక్కింటి ఖాజా స్కూలు వ్యాను నడుపుతాడు. అతని భార్య కుబ్రా ఇల్లంతా కడిగి, సున్నం వేయించి, గిన్నెలూ, హలీం వండే పెద్ద డేగ్‌లూ బయట ఎండకు పెట్టింది. వాటి పక్కనే గోడకు ఆనుకుని పొడవాటి కర్ర, దాని చివర బరువైన గుండ్రటి తల, వాడి వాడి నల్లబడిన చెక్క. ఏటా ఆ ఇంటి హలీం వేళ్లు నాకుతూ తినే మనిషి, అది దేంతో మెదుగుతుందో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. సోమశేఖర్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. చెక్క సుత్తికి ఇంతకన్నా మంచి తల దొరకదనుకుని పట్టుకుపోయాడు. తల దగ్గర జానెడు కర్ర వదిలి కోసేశాడు, సుత్తి తయారైంది. మిగిలిన కర్రను ముక్కలు చేసి ఆకురాళ్లకు పిడులు వేశాడు. నిగనిగలాడాలని అన్నిటికీ పాత ఇంజిన్ ఆయిల్ బాగా పట్టించాడు. ఆ సుత్తిని గోడకు తగిలించి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయాడు.

మర్నాడు ఖాజా గుమ్మంలోకి వచ్చాడు.

"సోమన్నా, మా అమ్మీ ఘోట్నీ చూసినవా? హలీం మెదుపుతరు గదా, గది. కుబ్రా ఎండకు పెట్టింది, గాయబ్ అయింది. అమ్మీ పోయినంక ఇది మొదటి రంజాన్. ఆమె ఘోట్నీతోనే చెయ్యాలని కుబ్రా ఒకటే పట్టు."

సోమశేఖర్‌కు గోడకు తగిలించిన సుత్తి గుర్తొచ్చింది. నోరు మాత్రం దాని పని అది చేసింది.

"ఎవడో పాత సామాను పోగేసేటోడు పట్టుకపోయిండేమో భాయ్."

ఇందులో అబద్ధమేముంది అని తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఛీ, అనుకున్నాడు ఆ వెంటనే.

అంతటితో ఆగినా బాగుండేది. స్కూలు ట్రిప్పులయ్యాక ఖాజా పాత సామాన్ల దుకాణాలు వెతకడానికి ధూల్‌పేట్ దిక్కు బయల్దేరితే, తోడు రమ్మన్నందుకు కాదనలేక స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. ఇంట్లో గోడకు వేలాడుతున్న దాన్ని ఊరంతా వెతికాడు. ఖాజా ప్రతి దుకాణంలో చేతులతో సైజు చూపించి మరీ అడుగుతుంటే, ఈయన ఒకచోట తుప్పు పట్టిన చేతి డ్రిల్లును ఇటూ అటూ తిప్పి చూస్తున్నాడు. సిగ్గనేది ఎక్కడైనా పాతది దొరికితే కొనుక్కోవాలి తాను.

తిరిగొచ్చేసరికి, గుమ్మంలో ఖాజా అన్న మాటలు విన్న ఇంద్రజ కొట్టంలో నిలబడి ఉంది. చేతిలో సుత్తి.

"ఏందయ్యా ఇది?"

"అతికిస్తనే. కర్ర జోడించి, ఇనుప పట్టీ వేసి..."

"హలీంల ఇంజిన్ ఆయిల్ తినిపిస్తవా రోజా ఉపాసమున్నోళ్లకు?"

ఇంద్రజ మూలకు చూసింది. అక్కడ ఆయన అమ్మ కవ్వం ఉంది, పెద్ద కుండల్లో పెరుగు చిలికిన టేకు కవ్వం. కొట్టంలో ఆయన రంపం తగలని వస్తువు అదొక్కటే. చాలాసార్లు రంపం పట్టుకుని దాని దాకా పోయి, చెక్క అంత మంచిది కాదులే అనుకుని వెనక్కి వచ్చాడు. చెక్క మంచిదేనని ఆయనకు తెలుసు.

సోమశేఖర్ కవ్వం చేతిలోకి తీసుకున్నాడు. "తల కొంచెం చెక్కి గుండ్రంగ చేస్తే..."

"నువ్వు చెయ్యి పెట్టకు. గట్లనే తీసుకపో. నిజం చెప్పి ఇయ్యి."

పక్కింట్లో సుత్తినీ కవ్వాన్నీ చాప మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. స్కూటర్ మీద తిరిగిన సంగతి మాత్రం చాప అంచు చూస్తూ చెప్పాడు. ఖాజా సుత్తి చేతిలోకి తీసుకుని, తల్లి ఏళ్లపాటు హలీం మెదిపిన ఆ తలను బొటనవేలితో రుద్దాడు. నూనె అంటింది.

"దీంతోని ఏమేం కొట్టినవన్నా?"

సోమశేఖర్ గుర్తు చేసుకోవడానికి చూశాడు.

"ఏం కొట్టలే భాయ్. తగిలేసి పెట్టిన."

ఖాజా సుత్తిని మళ్లీ చాప మీద పెట్టేశాడు. కుబ్రా గుమ్మం దగ్గరే నిలబడి అంది, "మా అత్తమ్మ ప్రతి ఏడు ముందుగాల మీ ఇంటి గిన్నె తీసి పక్కన పెట్టేది అన్నా. మా ఇంటోళ్లకు తర్వాతనే."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. కుబ్రా కవ్వం తీసుకుని వాసన చూసింది, వేడినీళ్లతో రెండుసార్లు కడిగింది. ఈసారి బయట పెట్టలేదు. లోపల ఫ్యాను కింద ఆరబెట్టింది.

రంజాన్ మొదటి శుక్రవారం డేగ్ దించాక ఖాజా కబురు పెట్టాడు. సోమశేఖర్ వెళ్తే, కవ్వం చేతికిచ్చి పక్కకు జరిగాడు. మెదపడం మొదలుపెట్టిన కాసేపటికే భుజాలు పడిపోయాయి. కవ్వానికి ఒక మోటారు బిగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన తలలోకి వచ్చింది, దాన్ని అక్కడే నొక్కేశాడు. ఖాజా సాయం పట్టలేదు, ఆపమనీ అనలేదు. గోధుమలూ మాంసమూ కలిసిపోయి తీగలా సాగేదాకా మెదిపించి, అప్పుడు కవ్వం తీసుకున్నాడు.

కుబ్రా మొదటి గిన్నె నింపి, మూత పెట్టి, పక్కన ఉంచింది.

"ఇది మీ ఇంటికన్నా," అంది.