క్యాసెట్లో నడిచిన కాశీమన్న

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. మా ఇంట్లో, మా అమ్మ పక్కన కూర్చుని, నా రెండు కళ్ళతో చూసింది. ఒట్టు వేయమంటే మాత్రం వేయను... ఊరికే ఒట్లు వేసేవాణ్ణి నమ్మొద్దనేవాడు మా నాయన. నమ్మితే కూర్చోండి. లేదంటే టీ తాగి లేవండి.

మేము దూదేకులవాళ్ళం. ఆదోనిలో కొండ కింద ఇల్లు. నాయన పరుపులు కుట్టేవాడు. మా అన్న కాశీం చిన్నప్పటి నుంచే దూది ఏకే విల్లు భుజాన వేసుకుని నాయన వెంట వీధులన్నీ తిరిగాడు. తర్వాత, ఎనభైల్లో, అందరూ పోతున్నారని తనూ సౌదీకి పోయాడు. పోయిన మొదటి ఏడాదే మా ఇంటికి నలుపు తెలుపు టీవీ వచ్చింది. ఇంకో రెండేళ్ళకు కబురు వచ్చింది. ఎడారి రోడ్డు మీద అన్న ఎక్కిన లారీ బోల్తా పడిందట. ఆ రోజే, అక్కడే మట్టి చేశారట.

అంతే. శవం రాలేదు. ఆఖరి చూపు లేదు. నాయన నమ్మాడు. నేను ఏడ్చి ఏడ్చి నమ్మాను. అమ్మ నమ్మలేదు.

"మొగం సూసినారా ఎవురన్నా? సూల్లేదు గదా. ఊరికే అనగాకండి" అనేది.

ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరు మీద గురువారం పొద్దుగూకినాక ఫాతెహా చదివి, నిప్పుల మీద ఊదు వేస్తాం. నాయన ఊదు పొట్లం తెచ్చిన ప్రతిసారీ అమ్మ దాన్ని లాక్కుని అటక మీదికి విసిరేసేది. "బతికినోడికి ఊదేందయ్యా?" అనేది. నాయన బయటికి పోయి గడప మీద కూర్చునేవాడు. వీధిలో వాళ్ళు మా అమ్మ ఇమాంబీకి మతి తప్పిందన్నారు. తప్పలేదు... తప్పినా బాగుండేదేమో. అమ్మ అన్నం మానేసింది. మనిషి సగమైంది. లోపల దుఃఖం గడ్డకట్టింది, అది కరిగి బయటికి రాకపోతే ఈ మనిషి దక్కదు అని డాక్టరు కూడా అన్నాడు. అన్న పోయాడు, ఇక అమ్మ కూడా పోతుందని నాకు ఒకటే భయం.

అప్పుడు వచ్చాడు కడప నుంచి ఒకాయన. అన్నతో పాటు ఒకే గదిలో ఉన్న మనిషి. అన్న పెట్టె తెచ్చాడు. బట్టలు, కంబళి, ఒక టేప్‌రికార్డరు. అడుగున గుడ్డలో చుట్టి ఒక నల్లటి పలక. దాని మీద రబ్బరు మీటలు. రెండు క్యాసెట్లు.

"ఇది కంప్యూటరంట. వాళ్ళ సేటు కొడుకు పాతదైందని ఇచ్చినాడు" అన్నాడాయన. "దీంట్లో ఒక దేశం ఉందన్నా. కొండలు, అడవులు, కోటలు. యాడికైనా పోవచ్చు, ఎవురూ అడ్డం సెప్పరు. డ్యూటీ అయినాక రోజూ దాంట్లోనే తిరుగుతాండె మీవాడు. పాస్‌పోర్టు ఉండేది సేటు దగ్గర. యాడికీ పోనీకి ల్యాకపాయె. దీంట్లోనన్నా పోతాండా అనేవాడు."

ఆ మాటకి నాయన తల వంచుకున్నాడు. అమ్మ మాత్రం "యాదీ, సూపియ్యి" అంది.

మనకు అదేం తెలుసు? రేడియోలు బాగుచేసే ఈరన్నను పిలుచుకొచ్చాను. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టి, దారాలు నచ్చక తీగల వెంట పడిన మనిషి. ఆయన, కడపాయన కలిసి పలకను టీవీకి కలిపారు. ఒక క్యాసెట్టులో ఆట ఉంది. రెండోదాంట్లో అన్న ఆపిన చోటు ఉంది. అంటే, ఆడి ఆడి ఆపేసేటప్పుడు ఎక్కడున్నామో దాన్ని క్యాసెట్టు మీదికి ఎక్కించుకోవాలి. మళ్ళీ పెడితే అక్కడి నుంచే నడవొచ్చు.

క్యాసెట్టు తిరుగుతుంటే పాట రాదు. అరుపు వస్తుంది. కీ... అని సాగి, తర్వాత గరగరమని, మళ్ళీ కీ... అని. చాలాసేపు అంతే. ఆ చప్పుడు ఆగాక బొమ్మ వచ్చింది. మంచు కొండలు. ఎండిన చెట్లు. ముందర మన వైపు వీపు పెట్టి ఒక మనిషి. మెడ దాకా కంబళి లాంటిది కప్పుకున్నాడు. ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంది.

అమ్మ లేచి నిలబడింది.

"మా కాశీమురా అది" అంది. "సూడు ఆ భుజం. విల్లు మోసిన భుజం."

ఈరన్న నా వైపు చూశాడు. అది ఎవడో తెల్లదొర గీసిన బొమ్మ. లోకంలో ఆ ఆట ఆడే ప్రతివాడికీ అదే భుజం. ఆ మాట అమ్మకు చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

ఆ రోజు గురువారం. అప్పటి నుంచి ప్రతి గురువారం, అందరి ఇళ్ళల్లో ఊదు వేసే వేళకి, మా ఇంట్లో క్యాసెట్టు వేసేవాళ్ళం. అమ్మ చేయి పైకెత్తి "కదిలియ్యగాకండిరా, నిలబడనీ" అనేది. కాసేపు చూసేది. చూసినంతసేపూ నేను ముద్దలు కలిపి పెడితే తినేది. ఆ నాలుగు ముద్దల కోసమే నేను ఆ ఆట పెట్టేవాణ్ణి.

మిగతా రోజుల్లో నేనూ ఈరన్నా మొదటి నుంచి మా ఆట మేము ఆడేవాళ్ళం. దాంట్లో గెలవడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నడవడమే. మీట నొక్కితే కొండలు చుట్టూ తిరుగుతాయి, మనిషి మాత్రం వీపు పెట్టి అట్లే ఉంటాడు. ఎటు పోయినా ఏదో ఒకటి. కర్రలు పట్టుకుని ఎగబడే గుంపు ఉన్న గుట్టకు, దసరాకి కర్రలతో కొట్టుకునే మా పక్క దేవరగట్టు పేరు పెట్టాం. ఒక్క ఇంట్లోనూ మనిషి లేని ఊరికి ఈరన్న, కరువొస్తే ఊరంతా వలస పోయే కోసిగి పేరు పెట్టాడు. "అందురూ సుగ్గికి పోయినారప్పా, కూలి దొరికినాకే వస్తారు" అనేవాడు. నవ్వేవాళ్ళం. అన్న ఈ దారిలోనే పోయి ఉంటాడా అనుకోగానే నవ్వు ఆగిపోయేది.

ఒక వారం ఈరన్న పెళ్ళికని ఎమ్మిగనూరు పోయాడు. నేనొక్కణ్ణే క్యాసెట్టు పెట్టాను. బొమ్మ వచ్చింది.

మంచు కొండలు లేవు.

ఒక నది. నది ఒడ్డున వాడు. అదే వీపు... అదే భుజం. నేను గోడ దాకా వెనక్కి జరిగాను. నేను మీటల మీద చెయ్యి కూడా వేయలేదు. అమ్మ మాత్రం కొంచెం కూడా భయపడలేదు.

"నడుస్తాండాడు" అంది మెల్లగా. "ఇంటికి వస్తాండాడు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఈరన్న వచ్చాక చెబితే, క్యాసెట్టు తీసి దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. "దయ్యమూ లేదు, ఏమీ లేదప్పా. నేను ప్రతిసారీ టేపు మొదటికి తిప్పి పెడ్తాంటి. నువ్వు తిప్పల్యా. మీ అన్న ఒకదాని ఎనక ఒకటి, ఆపిన చోట్లన్నీ ఎక్కించుకుంటా పోయినాడు. ఇది ఆయప్ప నడిచిన దోవ" అన్నాడు.

భయం పోయింది. దాని బదులు ఇంకోటి వచ్చింది. ఒక్కో చోటు అంటే అక్కడ మా అన్న ఒంటరిగా గడిపిన ఒక్కో రాత్రి అన్నమాట. అమ్మకు విప్పి చెప్పాను. ఆమె విని, టేపు వెనక్కి తిప్పొద్దంది. అట్లా వారం వారం ముందుకు పోయాం. అడవి, కోట గోడ, పొగమంచు. క్యాసెట్టు కిటికీలో ఒక వైపు టేపు సన్నబడుతూ వచ్చింది. అది అయిపోయిన రోజు ఏం జరుగుతుంది? వాడు ఇంటికి రాడు. అప్పుడు అమ్మ ఏమవుతుంది? ఇంకో క్యాసెట్టు మీద మనమే నడిపి ఎక్కిద్దామా అని ఈరన్నను అడిగాను. "తల్లిని మోసం సెయ్యగాకప్పా" అన్నాడు. ఆ మాట నిజమే, కానీ నాకు వేరే దారి తోచలేదు.

ఆ రోజు వచ్చింది. చలి. సాయంత్రం నుంచి కొండ మీద నుంచి ఒకటే గాలి. నాయన వాకిట్లో మంచం మీద ముసుగు తన్ని పడుకున్నాడు. ఈరన్న వస్తానన్నవాడు రాలేదు. పక్కింటి ఊదు వాసన కిటికీలోంచి వస్తోంది. నేను, అమ్మ, టీవీ. అంతే.

మీట నొక్కాను. కీ... గరగర... కీ... ఆ చప్పుడు ఇంకా సాగుతుండగానే టేపు చివరికి వచ్చి టక్‌మని మీట పైకి లేచింది. ఆగిపోయింది. బొమ్మ ఎక్కకుండానే టేపు అయిపోయిందేమో అనుకున్నాను.

బొమ్మ వచ్చింది.

కొండలు లేవు. చెట్టు లేదు. ఇల్లు లేదు. ఉత్త బయలు. అన్న నిలబడి ఉన్నాడు... వీపు పెట్టి. ఆటలో పొద్దుగూకితే తెర మెల్లగా నల్లబడుతుంది. నల్లబడుతోంది.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

అప్పుడు పక్క గదిలో... టంయ్ మంది.

గోడకు తగిలించిన విల్లు. దూది ఏకేటప్పుడు నారి మోగే చప్పుడు. నేను ఆ చప్పుడులో పెరిగినవాణ్ణి, పొరపాటు పడను. గాలికి మోగిందంటారా? అనండి. గాలికి విల్లు గుయ్యిమంటుంది. ఇది అట్లా కాదు. దెబ్బ వేస్తే వచ్చే మోత. ఒకటి. కాసేపాగి... ఇంకోటి.

అమ్మ ఆ వైపు చూడలేదు. తెరనే చూస్తోంది.

"కాశీమూ" అని పిలిచింది. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచినట్టు, మామూలుగా.

వాడు తిరిగాడు.

బయలు తిరగలేదు. ఆకాశం తిరగలేదు. మనిషి తిరిగాడు. ముందు ఆ దిగిన భుజం కదిలింది... తర్వాత కంబళి అంచు... తర్వాత మెడ. మెల్లగా. చాలా మెల్లగా. అమ్మ లేచి పోయి అరచెయ్యి టీవీ అద్దానికి ఆనించింది. చిటపటమని చిన్న చప్పుడు. వాడు పూర్తిగా ఇటు తిరిగాడు.

ఎంతసేపో చెప్పలేను. అమ్మ ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి, నాకు వినబడలేదు. తర్వాత కరెంటు పోయింది. బొమ్మ ముడుచుకుని నడిమిట్లో ఒక తెల్ల చుక్క అయింది. ఆ చుక్క కాసేపు నిలబడి, ఆరిపోయింది.

చీకట్లో అమ్మ ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. అన్ని నెలలుగా లోపల పెట్టుకున్నది ఒక్కసారిగా వచ్చింది. నాయన పరిగెత్తి వచ్చాడు. గుడ్డి దీపం వెలిగించాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "మొగం సూసినానయ్యా... సూసినాను. మనోడు పోయినాడు. ఊదు తీసుకురా" అంది. నాయన పొయ్యిలోని నిప్పులు తీస్తూ సగం నేల మీద పోశాడు. ముగ్గురం కూర్చున్నాం. నాయన ఫాతెహా చదువుతూ మధ్యలో ఆగి ఏడ్చాడు. ఆయన ఏడవడం కూడా అదే మొదలు. మర్నాడు అమ్మ అడిగి అన్నం పెట్టించుకుంది.

తర్వాత ఈరన్న, నేను ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు వేశామో లెక్క లేదు. పొగమంచు దాకా వస్తుంది. ఆ పైన టేపు ఖాళీ. ఉత్త బుస్ మనే చప్పుడు. బయలు రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత బళ్ళారిలో ఆ ఆట ఆడినవాడు ఒకడు దొరికితే అడిగాను. "ఆ మనిషికి మొగమే గీయలేదు సార్, వీపు ఒక్కటే ఉంటుంది" అన్నాడు. వోల్టేజీ తగ్గి బొమ్మ వంకర పోయిందని ఈరన్న వాదం. కావచ్చు. విల్లు గాలికే మోగిందేమో. అదీ కావచ్చు. నేను ఏదీ తేల్చుకోలేకపోయాను.

అమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, ఆ పొద్దు ఎట్లుండె అన్న?"

"శానా అలిసిపోయి ఉండెరా" అంది. "గడ్డం మాసిపోయి ఉండె. ఇంగ సాలు, పోయి పండుకో నాయనా అని సెప్పినా. తల ఊపినాడు. నీకూ కనపడె గదా?"

కనపడినాడమ్మా అన్నాను.

కనపడలేదు. వాడు తిరగడం చూశాను, మీకు చెప్పిందంతా చూశాను. మొహం ఉండాల్సిన చోట మాత్రం నాకు తెర వెలుతురు ఒక్కటే కనబడింది. అమ్మకు కనబడ్డాడు, సంతోషమే. కానీ నేనూ వాడి తమ్ముణ్ణే కదా... నాకూ చూడాలని ఉండింది.