ఎడమకు తిరిగిన పరుగు

ఐదేళ్ల కిందట, వేరుశనగ విత్తనం పడే రోజుల్లో, భారత బేస్‌బాల్ జట్టు శిక్షణ శిబిరానికి రమ్మని నాకు ఉత్తరం వచ్చింది. అప్పటికి రెండేళ్లుగా జట్టులో షార్ట్‌స్టాప్‌ను. అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడి, వచ్చిన ప్రతి బంతికీ అడ్డం పడేవాణ్ణి. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. మోకాలు ముందు రిటైరైంది, వెనకాలే నేనూ అయ్యాను.

ఆ రోజుల్లో నా కీర్తి ఎంతటిదంటే, హిందూపురంలో సన్మానం చేసినవాళ్లు ఫ్లెక్సీలో నా తలను ఎవరో క్రికెటర్ ఒంటికి అతికించారు. ఒళ్లు బాగుంది.

శిబిరం ఇరవై రోజులు. పోకపోతే జట్టులోంచి పేరు తీసేస్తారు. నేను ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఆపరేటర్ని. సెలవు చీటీ మీద షిఫ్టు ఇన్‌ఛార్జి నాగభూషణం సారు సంతకం కావాలి. ఆయన ధ్యాసంతా షిఫ్టుల మధ్య జరుగుతున్న క్రికెట్ పోటీల మీద ఉంది.

“ఇండియాకు ఆడేవానివి, మా షిఫ్టుకు ఆడలేవా? ఆదివారం గెలిపిచ్చు, సంతకం పెడతా” అన్నారు.

“నా ఆట వేరే సార్.”

“బ్యాటుండాది, బాలుండాది. ఇంగేం తేడాప్పా?”

ఆదివారం పెనుకొండలో మ్యాచ్. ఆఖరి బంతికి మూడు పరుగులు కావాలి. బ్యాటింగ్ నాది, అవతలి కొసన వెల్డర్ ఫక్రుద్దీన్. బంతి నేల తాకకుండా మోకాలి ఎత్తున వచ్చింది. కొట్టాను. ఎవరూ లేని మూలకు పోయింది. నింపాదిగా మూడు తీయొచ్చు.

బేస్‌బాల్‌లో బేస్‌లు నాలుగు, చతురస్రంగా ఉంటాయి. కొట్టగానే బ్యాటు అక్కడే వదిలేసి మొదటి బేస్‌కు ఉరకాలి, అక్కడినుంచి ఎడమకు తిరిగి రెండో బేస్‌కు. తొమ్మిదేళ్లు కాళ్లకు నేర్పిన పని అదే. కాళ్లు చేశాయి. బ్యాటు పారేశాను, అవతలి వికెట్ దగ్గరికి చేరాను, ఎడమకు తిరిగాను.

రెండో పరుగుకు తిరిగొస్తున్న ఫక్రుద్దీన్ అరిచాడు: “ఏమబ్బా, యాడికి పోతాండావు? బస్టాండు ఆ పక్క గాదు.”

మిడాన్ ఫీల్డరు మర్యాదగా దారిచ్చాడు. ఈలోగా నన్ను తీరిగ్గా రనౌట్ చేశారు. ఒక్క పరుగుతో ఓడిపోయాం.

సోమవారం ఆశ లేకుండానే చీటీ పట్టుకుపోయాను. సారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు. చూస్తే ఇరవై కొట్టేసి ముప్పై అని రాసి ఉంది.

“ముప్పై ఏంటికి సార్?”

“ఇంగా రెండు మ్యాచులుండాయి. అవి అయ్యేదాకా నువ్వు దేశానికే ఆడుకోప్పా.”

ఆ తర్వాత ఇంకో రెండేళ్లు దేశానికే ఆడాను. ఎవరూ సెల్ఫీ అడగలేదు. మొన్న ధర్మవరం స్టేషన్‌లో టీ అమ్మే ఆయన మాత్రం గుర్తుపట్టాడు. “ఎడమకు తిరిగినోడివి నువ్వే గదప్పా? ఆ పొద్దు పెనుకొండలో నేనూ చూసినా” అంటూ ఫోన్ తీసి పక్కన నిలబడ్డాడు. ఫొటో దిగాను.

ఆ మ్యాచ్ నేర్పింది ఒక్కటే. చేతికి బ్యాటు ఇచ్చినప్పుడు, పరుగులెన్ని కావాలో అడిగే ముందు ఎటు ఉరకాలో అడగాలి.