నా పరిశోధనలో పడ్డ పురుగు

ఇది చదివాక నా చదువు మీద మీకున్న గౌరవం కాస్తా పోతుంది. పోనివ్వండి, నాకే లేదు. కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే మనిషి, జనగామలో కుర్చీలోంచి కదలకుండా, ఎక్కడో రేగొండలో కాయల మీదున్న పత్తి సాలును, అంటే వరుస మొత్తాన్ని, వేర్లతో సహా పీకించగలదా? నేను పీకించాను. అదీ పరిశోధన పేరుతో!

అప్పుడు నేను జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌ని. కొత్తగా పీహెచ్‌డీలో చేరాను. కొత్తగా చేరినవాళ్లకు లోకంలో ఎవరికీ రాని ఆలోచన తమకే వచ్చిందనిపిస్తుంది. నాకూ ఒకటి వచ్చింది. కంప్యూటర్ చదువు ఎలా చెప్పాలన్న దాని మీద బోలెడు పరిశోధనలు జరుగుతున్నాయి కదా. చిన్నపిల్లలకు ప్రోగ్రాములు రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఆడపిల్లలు మధ్యలో ఎందుకు వెనక్కి తగ్గుతున్నారు, హోంవర్కు ఏఐతో రాయించుకొస్తే ఏం చేయాలి... వీటిలో మన వైపు టీచర్లకు దేని మీద ఆసక్తి ఎక్కువ? నిజంగానే తెలుసుకోవాలనిపించింది. అన్నం తింటున్నా అదే ధ్యాస.

మా గైడు నరహరి సారు దగ్గరికి పరుగెత్తాను.

"మంచి ప్రశ్నే అమ్మా. గని ఆసక్తిని ఎట్ల కొలుస్తవ్? జరం లెక్క నాలిక కింద థర్మామీటర్ పెడ్తవా?"

"ఒక్కో అంశం మీద ఒక్కో చిన్న వీడియో పెడ్త సార్. దేన్ని ఎక్కువమంది చూస్తే దాని మీద ఆసక్తి ఎక్కువున్నట్టు."

"చూసుడు, ఆసక్తి ఒక్కటేనా?"

"ఆసక్తి లేకుంటే ఎందుకు చూస్తరు సార్?"

ఆ జవాబుకు నాకు నేనే ముచ్చటపడ్డాను.

మా లెక్కల లెక్చరర్ రమేశన్న ఫోన్ పట్టుకుంటే నేను మాట్లాడాను. ఇంగ్లీషు ముక్క దొర్లకూడదని నా పట్టుదల. ప్రోగ్రాములో దొర్లే తప్పును ఇంగ్లీషులో 'బగ్' అంటారు, అంటే పురుగు. దాన్ని వెతికి తీసేయడం పిల్లలకు ఎలా నేర్పాలన్నది పెద్ద పరిశోధనాంశం. ఆ వీడియోకు నేను పెట్టిన అచ్చతెలుగు పేరు: 'పురుగును పట్టే కొత్త పద్ధతులు'. కంప్యూటర్ అన్న మాట ఎక్కడా లేదు. చూసేది కంప్యూటర్ టీచర్లే కదా, వేరే చెప్పాలా!

వీడియోలన్నీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల టీచర్ల గ్రూపుల్లో పెట్టాను. అవి పత్తి కాయ పడుతున్న రోజులు. ఈ సంగతి మీకిప్పుడే చెప్పేస్తున్నాను. నాకు మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మిగతా వీడియోలను నేనూ, మా అమ్మా చూశాం. పురుగు వీడియో మాత్రం వరద నీళ్లలా ఊళ్లకు ఊళ్లు దాటిపోయింది. పొద్దున లేచి చూస్తే పెరిగేది, టీ తాగి చూస్తే ఇంకా పెరిగేది. ఎందుకబ్బా అని తల బద్దలు కొట్టుకున్నాను. మా మూడు జిల్లాలవాళ్లకు తప్పులు వెతికే గుణం పుట్టుకతోనే ఉందని ఒక సిద్ధాంతం కూడా తయారుచేశాను. మా అత్తగారిని తలుచుకుంటే అది నిజమే అనిపించింది కూడా.

పైగా ఎంత లోతైన ప్రశ్నలు! రేగొండ నుంచి సాంబయ్య అనే ఆయన రాశాడు:

"మేడం, పురుగు లోపలికి చొచ్చింది. పైకి కనిపిస్తలేదు. ఏం చెయ్యాలె?"

పైకి అంతా బాగుండి లోపల తప్పు జరగడం! ఎంత అనుభవం ఉంటే ఈ ప్రశ్న వస్తుంది! వెంటనే జవాబిచ్చాను. "భయపడకండి. ఒక లైను తీసేసి చూడండి. పురుగు పోతే అది ఆ లైనులోనే ఉన్నట్టు."

"మొత్తం లైను తీసెయ్యాల్నా?"

"మొత్తం తీసేయండి. కావాలంటే మళ్లీ అక్కడే పెట్టుకోవచ్చు."

చాలాసేపటికి ఇంకో ప్రశ్న వచ్చింది. "మళ్ల పెడితే బతుకుతదా మేడం?"

ప్రోగ్రామును ప్రాణమున్న జీవిలా చూసే గురువు! నా కళ్లు చెమర్చాయి. "నిక్షేపంగా బతుకుతుంది" అని రాశాను.

ఫలితాలు చెప్పడానికి మా కాలేజీలోనే ఒక సెమినార్ పెట్టాం. వీడియో కింద 'అందరూ రండి, పురుగు గురించి నేరుగా మాట్లాడుకుందాం' అని పిలిచాను. ఆ రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో మా లెక్చరర్లు, వెనకంతా భుజాల మీద తువ్వాళ్లు, చేతుల్లో సంచులు. పల్లెటూరి టీచర్లు ఎంత నిరాడంబరంగా ఉంటారో అనుకుని మైకు అందుకున్నాను.

"మన మూడు జిల్లాల్లో అందరికీ అన్నింటికన్నా ఎక్కువ ఆసక్తి పురుగు మీదనే!"

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లలోంచి ఒకామె లేచింది. సంచిలోంచి ఎండిపోయిన పత్తి చెట్టు తీసి పైకి పట్టుకుంది.

"మేడం, లైను పీకుమన్నది నువ్వేనా?"

"ఏ లైను అక్కా?"

"మా పత్తి సాలు! కాయల మీదున్నదాన్ని మా ఆయన ఏర్లతోని పీకిండు. మళ్ల పెడితే బతుకుతదని రాసినవట. పెట్టిండు. బతుకలే."

పక్కనే తలవంచుకుని కూర్చున్న ఆయన మెల్లగా అన్నాడు. "నేనే సాంబయ్యను మేడం. ఒక్క సాలే పీకిన. రెండోది పీకబోతే మా కొమురమ్మ అడ్డం పండుకున్నది."

నాకప్పుడు అర్థమైంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించడానికి సిద్ధపడి వచ్చాను కానీ, నేను పట్టింది అసలు కుందేలే కాదు.

"అక్కా... నేను చెప్పింది చేన్ల పురుగు కాదు. కంప్యూటర్ల పురుగు."

పాలకుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నోరు తెరిచాడు. "కంప్యూటర్లకు గూడ పట్టిందా? ఇగ దేన్నీ ఇడిశిపెట్టదా గిది!"

హాలంతా ఘొల్లుమంది. కొమురమ్మ మాత్రం నవ్వలేదు.

"నవ్వేటోళ్లు నవ్వుండ్రి. చేన్ల పురుగైతే ఉన్నది గద. దానికేం చెప్తవ్ మేడం?"

మైకు పక్కన పెట్టేశాను. "నాకు తెల్వదక్కా. తప్పయింది."

నరహరి సారు లేచి ఎవరికో ఫోన్ చేశారు. కాసేపటికి తెలిసిన వ్యవసాయ అధికారి ఒకాయన బండి మీద వచ్చి, పత్తి కాయను తొలిచే గులాబీ పురుగు గురించి, దాన్ని పట్టే లింగాకర్షక బుట్టల గురించి, ఎప్పుడు ఏ మందు కొట్టాలో విడమరిచి చెప్పాడు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నా పాఠానికి అలాంటి నిశ్శబ్దం ఏనాడూ రాలేదు.

వెళ్లేటప్పుడు కొమురమ్మ నా దగ్గరికొచ్చి భుజం తట్టింది. "నీ గొంతు మంచిగున్నది బిడ్డా. తెలిసిందే చెప్పు, సాలు."

రైతులంతా వెళ్లిపోయారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకో ఆశ దొరికింది. గ్రూపుల్లో ఉన్నది లెక్చరర్లే కదా! వాళ్లు చూసిన లెక్కయినా మిగలాలి కదా!

"రమేశన్నా, నువ్వయితే పాఠం కోసమే చూసినవ్ గద?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "వీడియో తీసేటప్పుడు ఫోన్ కదలకుంట పట్టుకునుడే సరిపోయింది చెల్లె. తర్వాత పేరు చూసి మా నాయినకు పంపిన. మాకు గూడ పత్తే గద."

పక్కవాళ్లందరికీ పత్తే. ఒకాయనకు మాత్రం మిర్చి. దానికీ ఏమైనా చెబుతానేమోనని చూశాడట.

ఏడుపు గొంతుతో సారు వైపు తిరిగాను. "మీరైనా పరిశోధన కోసమే చూసిండ్రు గద సార్?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఎంతకీ తుడవడం అయిపోదు.

"మా తమ్ముడు పరేషాన్ల ఉన్నడమ్మా. మందు పేరు ఎప్పుడు చెప్తవా అని ఆఖరిదాక చూసిన."

కాబట్టి పాఠకులారా, పత్తి గింజ సాక్షిగా, కంప్యూటర్ కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఎవరికి దేని మీద ఆసక్తో తెలుసుకోవాలంటే ఇక మీదట ముందు వాళ్లనే అడుగుతాను. పత్తి కాయ మీదున్నన్నాళ్లూ పురుగు అన్న మాట నా నోటివెంట రానివ్వను. అన్నంలో వచ్చినా సరే, నోరు మూసుకుని పక్కకు తీసేస్తాను.