సత్ప్రవర్తన బోర్డు మీద నా పేరు

తొమ్మిదో తరగతిని చాలామంది ఒక్క ఏడాదిలో వదిలేసి పోతారు. నేను అంత రాతిగుండెవాణ్ని కాను. రెండేళ్లు దాంతోనే ఉన్నాను. మూడో ఏడు కూడా ఉండేవాణ్నే గానీ, మా ఇద్దరి అనుబంధం బడివాళ్లకు అర్థం కాలేదు. మా నాన్నను పిలిపించి, టీసీ చేతిలో పెట్టి, "పిల్లాడికి ఏదైనా పని నేర్పించండి" అన్నారు. బడిలో నా గురించి ఎవరైనా సరిగ్గా అంచనా వేసింది ఆ ఒక్కసారే.

ఆ బడి అబిడ్స్‌కీ నాంపల్లికీ మధ్య ఒక గల్లీలో ఉంది. మగపిల్లల బడి. రాతి గోడలు, పొడుగాటి వరండా, వెనకాల నిజమైన మట్టి ఉన్న మైదానం. మా నాన్న పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్లో మూటలు మోసేవాడు. నా బెంచీలో పక్కవాడి తండ్రిది గుంటూరు వైపు, బషీర్‌బాగ్‌లో ఆఫీసు ఉద్యోగం. వాడి డబ్బాలో పులిహోర, నా డబ్బాలో జొన్నరొట్టె. పదిన్నరకల్లా రెండు డబ్బాలూ ఖాళీ అయ్యేవి, రెండూ తిన్నది మూడోవాడు.

మా బడి విలువల బడి అని పేరు. గేటు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. రోజూ దాని మీద ఒక మంచిమాట రాయాలి. రాసే పని ఎవరిదంటే, గంట కొట్టాక వచ్చినవాడిది. ఇది మా తెలుగు సారు పెట్టిన పద్ధతి. ఆలస్యంగా వచ్చినవాణ్ని కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఒక చీటీ, ఒక సుద్దముక్క చేతికిచ్చేవారు. వాడు ఆ మాటను బల్ల మీద అందంగా రాసి, అప్పుడు క్లాసుకు పోవాలి. అందుకని సమయపాలన గురించి, క్రమశిక్షణ గురించి బడి మొత్తానికి బోధించే భాగ్యం ఆ రెంటికీ ఆమడ దూరంలో ఉన్నవాళ్లకే దక్కేది. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచే రోజుల్లో అయితే మంచిమాట రాయడానికి గేటు దగ్గర క్యూ ఉండేది. మిగతా రోజుల్లో నేనొక్కణ్నే.

సారుది కోస్తా యాస. మాట మెత్తగా ఉంటుంది, లోపల ముల్లు ఉంటుంది. అక్షరం వంకర పోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ రాయమనేవారు.

"మాట నీకెలాగూ పట్టదు. అక్షరమైనా కుదరనీరా" అనేవారు.

కుదిరింది. రెండు తొమ్మిదో తరగతులు ముగిసేసరికి నా లెక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ, చేతిరాత మాత్రం ముత్యాలసరం. టీసీ పట్టుకుని బయటికొచ్చిన నెలలోనే నాంపల్లిలో సైన్‌బోర్డులు రాసే ఒక ఉస్తాద్ దగ్గర చేరాను. కాచిగూడ లాడ్జీలు, కోఠీ చీరల దుకాణాలు, పళ్ల డాక్టర్లు, అందరి పేర్లూ నేను రాసినవే. తర్వాత సొంత దుకాణం పెట్టాను. ఆ తర్వాత ఫ్లెక్సీ మిషన్ వచ్చి కుంచెను మూలన పెట్టించింది. అది వేరే ఏడుపు.

నాకు ఇరవై రెండేళ్లున్నప్పుడు బడి నుంచి కబురొచ్చింది. హాల్లో నల్లరంగు పూసిన ఒక పెద్ద టేకు బోర్డు ఉంటుంది, సత్ప్రవర్తన బోర్డు. ప్రతి ఏడూ పదో తరగతిలో అందరికంటే బుద్ధిమంతుడి పేరు దాని మీదికి ఎక్కుతుంది. రంగు వెలిసిపోయింది, మొత్తం మళ్లీ రాయాలన్నారు. నిచ్చెన వేసుకుని పైనుంచి రాసుకుంటూ వచ్చాను. ఏడాది, పేరు. ఏడాది, పేరు. ఒకచోట ఏడాది ఉంది, పేరు లేదు.

ఆ ఏడాది మా బ్యాచ్‌ది. నాతో కలిసి మొదటి తొమ్మిది చదివి, నన్ను వదిలేసి పదికి పోయిన ఆ ద్రోహులదే. కథ నాకు తెలుసు. బషీర్‌బాగ్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు, హాజరు పలికాక, పదో తరగతి మొత్తం వెనక గోడ దూకి వెళ్లిపోయింది. క్లాసు లీడరే ముందు దూకి మిగతావాళ్లకు చెయ్యి అందించాడట. హెడ్‌మాస్టర్ కోపంతో ఈ ఏడాది బహుమతి ఎవ్వరికీ లేదన్నారు.

నిచ్చెన మీద నిలబడి ఆలోచించాను. ఆ రోజు నేనెక్కడున్నాను? వాళ్లు పదిలో ఉంటే నేను రెండో తొమ్మిదిలో ఉన్నాను. జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. నిజం జ్వరమే, నమ్మండి. అంటే మా బ్యాచ్ మొత్తంలో గోడ దూకనివాణ్ని నేనొక్కణ్నే. కుంచె చేతిలో ఉంది, పసుప్పచ్చ రంగు డబ్బాలో ఉంది, వాదన గట్టిగా ఉంది. నా పేరు రాసేశాను.

ఎవరూ అడగలేదు. ఏడాది పోయింది, పదేళ్లు పోయాయి. రహస్యం దాచుకోవాలంటే బడి హాల్లో గౌరవ బోర్డును మించిన చోటు లేదు. అందరూ దాని కింద నిలబడి ఫోటో దిగుతారు, ఒక్కడూ చదవడు.

చదివింది నా బిడ్డ.

మూడేళ్ల కిందట వార్షికోత్సవం బ్యానర్ కట్టడానికి పోతూ దాన్ని వెంట తీసుకుపోయాను. అది మెడ ఎత్తి, వేలితో ఒక్కో పేరూ చదువుతూ వచ్చి, గట్టిగా అరిచింది. "డాడీ! నీ పేరు! సత్ప్రవర్తన! నువ్వు గంత మంచోనివా?"

"ఔ" అన్నాను. ఇంకేమనాలి? బ్యానర్ తాడు నోట్లో ఉంది.

ఇక్కడ బడి సంగతి కొంచెం చెప్పాలి. మగపిల్లలు తగ్గిపోయారు. ఎటు చూసినా పచ్చ బస్సులు, పసుప్పచ్చ బస్సులు వచ్చి గల్లీలో పిల్లలను ఎత్తుకుపోతున్నాయి. కొత్త ప్రిన్సిపాల్ మేడం వచ్చారు. మొదటిసారి ఆడపిల్లలను చేర్చుకుంటామన్నారు, ఆరో తరగతి నుంచి. గేటు దగ్గర నల్లబల్ల తీసేసి ఎర్రక్షరాలు పరిగెత్తే కరెంటు బోర్డు పెట్టారు. ఇప్పుడు ఆలస్యంగా వచ్చినవాడు ఏమీ రాయనక్కర్లేదు, తండ్రి ఫోన్‌కు మెసేజ్ పోతుంది. సిగ్గుపడే పని కూడా పెద్దవాళ్లకే అప్పగించారు.

ఆడపిల్లల మాట వినగానే పాత విద్యార్థులు ఉడికిపోయారు. ఇరానీ చాయ్ ముందు మీటింగు. "ఆడపిల్లలొస్తే మన బడి విలువలేం గావాలె?" అని బల్ల గుద్దినవాడు ఎవరనుకున్నారు? ఆనాడు గోడ మీద నిలబడి అందరికీ చెయ్యి అందించిన ఆ లీడరే. "మన సంప్రదాయాన్ని కాపాడుకుందాం" అని ఒక ఫ్లెక్సీ కొట్టమన్నాడు. అదే రోజు బడి నుంచి "చదువుల తల్లులకు స్వాగతం" ఫ్లెక్సీ ఆర్డరు వచ్చింది. రెండూ ఒకే మిషన్ మీద, ఒకే తామరపువ్వు బ్యాక్‌గ్రౌండ్‌తో కొట్టిచ్చాను. నాకు పక్షపాతం లేదు.

నిజానికి ఉంది. నా బిడ్డ పరిగెత్తుతుంది. ఊరికే కాదు, కాళ్లకు చక్రాలున్నట్టు పరిగెత్తుతుంది. అది చదివే బడి కోఠీలో బట్టల దుకాణాల పైన మూడో అంతస్తులో ఉంది. దాని ఆటస్థలం టెర్రస్. పది అడుగులు పరిగెత్తితే నీళ్ల ట్యాంకు తగులుతుంది. దానికి నా బడి మైదానం కావాలి. ఏడాదిగా వేరే మాట లేదు. ఉన్నవి కొద్ది సీట్లు, అందులో సగం ఇక్కడ పది పాసైన పూర్వ విద్యార్థుల బిడ్డలకు.

"ఇగ మనకు ఫికరేంది? మా డాడీ పేరు బోర్డు మీదనే ఉన్నది" అని అది వాళ్ల క్లాసంతా చెప్పుకుంది. మా ఆవిడకు అసలు కథ తెలుసు. నా వైపు ఒక చూపు చూసి, ఫారాలు కవరులో పెట్టి చేతికిచ్చింది. "పో పో, మంచోడా. జర మొఖం కడుక్కోని పో" అంది.

బిడ్డను వెంటబెట్టుకుని మేడం గదిలోకి పోయేసరికి, ఆమె పక్క కుర్చీలో తెలుగు సారు కూర్చుని ఉన్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. పాతవాళ్లలో ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని గుర్తుపట్టడానికి ఆయన్ను పిలిపించారట. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"ఏరా, టైముకే వచ్చావే! ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు సారు.

మేడం నవ్వుముఖంతో కూర్చోమన్నారు. "హాల్లో బోర్డు మీద మీ పేరు చూశానండి. సార్, ఈయన మీకు గుర్తున్నారా?"

"గుర్తులేకేం! గేటు దగ్గర మంచిమాటలు ఇతను రాసినన్ని ఈ బడి చరిత్రలో ఎవ్వరూ రాయలేదు."

"నిజంగానా! ఎంత మంచి అలవాటండీ!" మేడం కళ్లు మెరిశాయి. "సత్ప్రవర్తన బహుమతి ఊరికే వస్తుందా మరి?"

సారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "ఆ ఏడాది ఆ బ్యాచ్ మొత్తం గోడ దూకిందండీ. ఇతను దూకలేదు. ఆ మాట నేను ఎక్కడైనా సాక్ష్యం చెప్తాను."

ఒక్క అబద్ధం లేదు ఆ మాటల్లో. మేడం నేనిచ్చిన కవరు విప్పి, ఎంతో గౌరవంగా ఫారం నా ముందుకు తోసి, సంతకం ఇక్కడ అన్నారు. అప్పుడు చూశాను దాన్ని మొదటిసారి. ఫారం నింపింది నా బిడ్డ. 'తండ్రి పూర్వ విద్యార్థి అయితే పదో తరగతి పాసైన సంవత్సరం' అన్న చోట, బోర్డు మీది ఆ ఏడాదిని రాసింది. గుండ్రంగా, తీరుగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. అది అచ్చం నా చేతిరాత.

నేను బోర్డు మీద రాసుకున్నప్పుడు అది తమాషా. దాని చేత్తో కాగితం మీదికి వచ్చేసరికి తమాషా కాకుండా పోయింది. పదకొండేళ్ల పిల్ల, తెలియకుండా, నా అబద్ధాన్ని ఎంతో అందంగా రాసింది. కింద నేను సంతకం పెడితే సీటు వస్తుంది, మైదానం వస్తుంది. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా వైపు తిరిగితే నాకు సాయం చేసినట్టవుతుందని కాబోలు, తిరగలేదు.

పెన్ను మూత పెట్టాను. "మేడం, ఈ సంవత్సరం నాది కాదు."

"అంటే?"

"పది నేను చదవలే మేడం. తొమ్మిదిలనే పంపించిన్రు. గది గూడ రెండుసార్లు చదివినంక. ఆ బోర్డు రాసింది నేనే. నడిమిట్ల ఖాళీ కనబడితే నా పేరు ఎక్కించుకున్న. పిల్లకు తెల్వదు. బోర్డు చూసి నింపింది."

నా బిడ్డ నా మొహంలోకి చూసింది.

"నేను క్లాసుల అందరికి చెప్పిన గద డాడీ" అంది, చిన్నగా.



మేడం ఫారంలో ఆ గడిని అడ్డంగా కొట్టేశారు. కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "అమ్మాయి జనరల్ లిస్టులో పరీక్ష రాయొచ్చు. శనివారం. బోర్డు మాత్రం మీరే వచ్చి సరిచేయండి" అన్నారు.

నా బిడ్డను స్కూటర్ వెనక ఎక్కించుకుని అబిడ్స్ వైపు బయల్దేరాను. జీపీవో దగ్గర సిగ్నల్ పడ్డాక వీపు వెనక నుంచి అడిగింది. "డాడీ, గా బోర్డు మీద మిగతా పేర్లన్న నిజమేనా?"

"నిజమే బిడ్డా."

"ఎవరు చెప్పిన్రు?"

గ్రీన్ పడింది, బతికిపోయాను.

శనివారం పరీక్ష రాసింది. లిస్టు గోడకు అంటించిన రోజు నేను దుకాణం మూసి పోయాను. ఆడపిల్లల్లో పదకొండో పేరు. ఆ బడిలో పరీక్ష రాసి నెగ్గిన మొదటి మనిషి మా ఇంట్లో అదే. నేను ఎగిరి గంతేస్తే, అది మాత్రం లిస్టు దగ్గరికి పోయి అక్షరాలను పరీక్షగా చూసింది.

"డాడీ, ఇది నువ్వు రాయలే గద?"

"కంప్యూటర్ బిడ్డా, కంప్యూటర్!"

అప్పుడు నవ్వింది. వారం తర్వాత మొదటి నవ్వు.

బోర్డు సరిచేయడానికి బడి తెరిచిన వారంలోనే పోయాను. పాత నిచ్చెన, నల్ల రంగు, ఉప్పుకాగితం. సారు కూడా వచ్చారు, నేను పిలవలేదు. వచ్చి నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. నా బిడ్డ ముందు పరిగెత్తుతుంటే, వెనక ముగ్గురు మగపిల్లలు రొప్పుతున్నారు. సంప్రదాయానికి ఏ ప్రమాదమూ జరిగినట్టు కనిపించలేదు.

"సార్, మీరీ పేరు ఎప్పుడు చూసిన్రు?" అని అడిగాను పైనుంచి.

"నువ్వు రాసిన మర్నాడే."

"మరి ఎన్నడూ అనకపోతిరి?"

"నువ్వే చెప్తావని చూశానురా. నువ్వెప్పుడూ ఆలస్యమే కదా."

పేరు గీకేశాను. నల్లరంగు పూశాను. ఏడాది మిగిలింది, పక్కన ఖాళీ మిగిలింది. చూస్తే నాకే బాగనిపించలేదు. చేతిలో కుంచె ఉంటే నోరు ఊరుకోదు.

"సార్, ఇంత పెద్ద బోర్డు మీద గీ ఖాళీ ఒక్కటి కండ్లల్ల పడుతున్నది. మీ పేరు రాసెయ్యమంటరా? మీకంటే మంచోళ్లు ఈ బడిల ఎవరున్నరు?"

సారు నిచ్చెన వదల్లేదు, తల మాత్రం పైకెత్తారు.

"ఖాళీగానే ఉండనీరా. ఈ బోర్డు మొత్తం మీద నువ్వు నిజాయితీగా సంపాదించుకున్న చోటు అదొక్కటే."